పసుపుది మాత్రం విప్పలేదు

ఆదివారం ఉదయం ఏడుంపావుకి, టీవీ కింద వరసగా పెట్టి ఉన్న నాలుగు గేమ్ కంట్రోలర్లలో మూడింటిని ఎవరో రహస్యంగా విప్పి, మళ్ళీ బిగించేశారని ఆ ఇంటి కోడలు కనిపెట్టింది.

ఆమె చేతిలో దుమ్ము తుడిచే గుడ్డ ఉంది. ఎర్ర కంట్రోలర్‌ని ఎత్తి కింద తుడవబోతూ ఆగిపోయింది. దాని వెనక వైపు చిన్న పగులు. మూడేళ్ళ కిందట ఆ పగులు మీద తెల్ల టేపు అంటించింది తనే. ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమవుతోందన్న హడావిడిలో వంకరగా అంటించింది. ఇప్పుడా టేపు తిన్నగా ఉంది. స్కేలు పెట్టి గీసినంత తిన్నగా.

ఇంకొకరైతే తుడిచేసి వెళ్ళిపోయేవారు. కానీ ఆమె బీమా కంపెనీలో సర్వేయరు. సొట్టపడ్డ కారు చుట్టూ ఒక్కసారి తిరిగితే చాలు, లారీ వచ్చి గుద్దిందో, యజమానే గోడకి గీకించుకుని వచ్చి కథ చెబుతున్నాడో చెప్పేస్తుంది. పన్నెండేళ్ళ సర్వీసు. గీత చూస్తే చాలు, నిద్ర మత్తు ఎగిరిపోతుంది.

గుడ్డ పక్కన పడేసి మోకాళ్ళ మీద కూర్చుంది.

నీలం కంట్రోలర్ స్క్రూల గుంటల్లో మురికి లేదు. లోహం తళతళలాడుతోంది. ఆకుపచ్చది ముక్కు దగ్గర పెట్టుకుంటే సన్నగా స్పిరిట్ వాసన. ఇక పసుపుది. దాని స్క్రూల గుంటల్లో ఏళ్ళనాటి దుమ్ము గట్టిపడి, ఎక్కడిదక్కడే ఉంది.

మూడు విప్పారు. ఒకటి వదిలేశారు.

పసుపుది మామగారిది.

ఆమె నాలుగింటినీ ఎలా ఉన్నాయో అలాగే పెట్టేసింది. ఎవరికీ చెప్పదలచుకోలేదు. ఇవాళ పదింటికి ఆట ఉంది. చేసినవాళ్ళెవరైనా ఆటలోనే బయటపడాలి.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి ఆదివారం నలుగురూ కలిసి 'గంతుల ఊరు' ఆడతారు. నాలుగు జంతువులు ఒక ఊరంతా తిరుగుతూ, వీధి వీధికీ ఒక చిన్న ఆట ఆడి గంటలు పోగుచేసుకునే వీడియో గేమ్. ఎవరి దగ్గర ఎక్కువ గంటలుంటే ఆ వారం ఇంట్లో ఒక విషయంలో వాళ్ళ మాటే చెల్లుతుంది. కాదనడానికి వీల్లేదు. హాలు కర్టెన్లు చిలకపచ్చ రంగులో ఉండటానికి, భోజనాల బల్ల దగ్గర ఫోన్లు నిషేధం కావడానికి కారణం ఇదే. మొదటిది కూతురు గెలిచిన వారం, రెండోది తండ్రి గెలిచిన వారం.

ఇవాళ్టి విషయం ముందే ఖరారైంది. 'గంతుల ఊరు' అప్‌గ్రేడ్ ఎడిషన్ వచ్చింది. కొనాలా, వద్దా?

"కొనాల్సిందే," అంది కూతురు, రొట్టెముక్క మీద జామ్ పూసుకుంటూ. పదిహేనేళ్ళ ఆ పిల్లని ఇంట్లో అందరూ తుఫాను అంటారు. అసలు పేరు స్కూలు రిజిస్టరులో మాత్రమే ఉంది. "ఇరవై కొత్త ఆటలున్నాయి. బొమ్మ అద్దంలా ఉంటుంది. కొత్త కంట్రోలర్లు కూడా దాంతోనే వస్తాయి. మన పాతవి చూడండి! నా ఎర్రది కుడికి లాగుతుంది. నాన్న నీలంది రెండుసార్లు నొక్కితే గానీ గెంతదు. అమ్మ ఆకుపచ్చదాన్ని తిప్పాలంటే కుస్తీ పట్టాలి. తన పసుపుది వణుకుతుందని తాతయ్యే అంటాడు. ఇంకా ఏం చూసుకుని వద్దంటున్నారు?"

"ఇరవై కొత్తవి సరే, మిగతా ఎనభై పాతవేగా," అన్నాడు తండ్రి. ఆయన లిఫ్టు మెకానిక్. పదహారంతస్తుల మేడ నుంచి పిలుపొచ్చినా ముందు టీ ముగించి బయల్దేరే రకం. "పాత చొక్కాకి కొత్త బొత్తాలు కుట్టి, మొత్తం చొక్కా మళ్ళీ కొనమన్నట్టుంది."

"బొత్తాలు కాదు నాన్నా! ఇందులో కంట్రోలర్‌ని గాల్లో పట్టుకుని తెర మీద గురి పెట్టొచ్చు. తాతయ్యకి కూడా తెలుసు, షాపులో చూశాడు. చెప్పు తాతయ్యా!"

తాతయ్య గుడ్డు పెంకు తీస్తున్నాడు. ఆ గుడ్డు ఆయన వేళ్ళ మధ్య సన్నగా అదురుతోంది. తల ఎత్తలేదు.

"పాతదే చాల్లే అమ్మడూ," అన్నాడు. "బాగానే ఉంది కదా."

కోడలు టీ కప్పు పెదాల దగ్గర ఆపి ఆయన వైపు చూసింది. ఐదేళ్ళ కిందట ఆ ఆటని ఇంటికి తెచ్చిందే ఈయన. ఆడే రోజు అందరికంటే ముందు సోఫాలో తయారుగా ఉండేదీ ఈయనే. అలాంటి మనిషి కొత్తది వద్దంటున్నాడు. పైగా ఎవరి కళ్ళలోకీ చూడకుండా.

తాతయ్య గడియారాలు బాగుచేస్తాడు. వీధి వైపున్న ముందు గదే ఆయన షాపు. నలభై ఆరేళ్ళుగా ఆ చెక్కబల్ల ముందు కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఊరి జనం మణికట్లకి సమయం చెబుతూ వచ్చాడు. రెండు నెలల కిందట ఒక చేతి గడియారంలోని వెంట్రుకంత స్ప్రింగు ఆయన పట్టకారు నుంచి జారిపోయింది. ఇంటిల్లిపాదీ నేల మీద పాకుతూ వెతికినా దొరకలేదు. ఆ సాయంత్రం కొడుకు మెల్లిగా అన్నాడు, "ఇక షాపు మూసేసి విశ్రాంతి తీసుకోరాదా నాన్నా?" అని. "నెలాఖరుకి చెప్తాలే," అన్నాడు తాతయ్య. ఇవాళ ఇరవై ఏడో తారీఖు.

సరిగ్గా పదింటికి ఆట మొదలైంది.

తుఫానుది కప్ప. తండ్రిది ముళ్లపంది. తల్లిది ఏనుగు. తాతయ్యది ఎప్పుడూ బాతే. మొదటి వీధిలో చెక్క వంతెన మీద పరుగు. కింద నీళ్ళు. ఈ వంతెన తుఫానుకి కొట్టినపిండి. కళ్ళు మూసుకుని దాటేస్తుంది.

"చూసుకోండి ఇక!" అంటూ బయల్దేరింది. మూడంగలు వేసిందో లేదో కప్ప ఎడమకి తిరిగి బుడుంగున నీళ్ళలో పడింది.

"ఏయ్! ఏంటిది?"

ముళ్లపంది మొదటి గుంట మీదుగా చక్కగా గెంతింది. దిగీ దిగగానే ఎవరూ అడక్కుండానే ఇంకోసారి గెంతి రెండో గుంటలో పడింది.

"నేను గెంతమనలేదే!" అన్నాడు తండ్రి, నీలం కంట్రోలర్‌ని తిరగేసి చూస్తూ.

ఏనుగైతే వంతెన దాకా రానే లేదు. తల్లి అలవాటుగా బొటనవేలితో బలంగా తోసింది. ఏనుగు తాగిన మనిషిలా దూసుకెళ్ళి గోడకి గుద్దుకుని, తల పట్టుకుని కూర్చుంది.

మిగిలింది బాతు. అది వణుక్కుంటూ, అటో అడుగు ఇటో అడుగు వేస్తూ, తీరిగ్గా వంతెన దాటి అవతల గట్టెక్కింది.

తర్వాతి వీధిలోనూ అదే కథ. ఆ తర్వాత కూడా అదే. కప్ప ఎడమకే పోయింది, ముళ్లపంది పనిలేని గెంతులు గెంతింది, ఏనుగు దొరికిన గోడనల్లా గుద్దింది. పదకొండు కాకముందే బాతు దగ్గర గంటలు కుప్పపడ్డాయి. తెర మీద రంగుకాగితాలు రాలాయి. రెండేళ్ళ తర్వాత మొదటిసారి తాతయ్య గెలిచాడు.

కోడలు మాత్రం తెరని చూడటం ఎప్పుడో మానేసింది. మామగారి ముఖాన్నే చూస్తోంది. ఆ ముఖంలో రంగు లేదు. కప్ప నీళ్ళలో పడ్డప్పుడల్లా ఆయన ఉలిక్కిపడ్డాడు. గెలుస్తున్న మనిషి ముఖం కాదది. ఏదో తలకిందులైందని తెలిసిన మనిషి ముఖం.

"ఇది చెల్లదు!" తుఫాను లేచి నిలబడింది. "ఎవరో ఏదో చేశారు. నా కప్ప పుట్టి బుద్ధెరిగాక ఎడమకి పోలేదు!"

"కూర్చో," అంది తల్లి. "ఎవరో ఏదో చేసిన మాట నిజమే. మూడు కంట్రోలర్లు విప్పారు. పొద్దున్నే చూశాను."

హాల్లో టీవీ పాట ఒక్కటే వినపడుతోంది. తండ్రి చెయ్యి చాపి దాని నోరు నొక్కాడు.

"పొద్దున్నే చూసి ఇప్పుడా చెప్పేది?" అన్నాడు.

"ముందే చెబితే చేసినవాళ్ళు జాగ్రత్తపడతారు కదండీ."

"ఇల్లనుకున్నావా, నీ ఆఫీసనుకున్నావా?"

"ఆఫీసులో అయితే ఈపాటికి సంతకం కూడా పెట్టించేదాన్ని," అంటూ ఆమె టేపు, స్క్రూలు, స్పిరిట్ వాసన ఒక్కొక్కటే చూపించింది. చివరికి పసుపుదాన్ని చూపించి ఊరుకుంది. ఇంకేమీ అనక్కర్లేకపోయింది. తుఫాను చూపు తాతయ్య మీదికి, తాతయ్య చూపు నేల మీదికి వెళ్ళాయి.

"నేనే!" అన్నాడు తండ్రి హఠాత్తుగా.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"నేనే విప్పాను. కొత్తది కొనకుండా ఉండాలని. సరదాకి. అయిపోయిందిగా, ఇక వదిలెయ్యండి."

"దేంతో విప్పారు?" అంది భార్య.

"స్క్రూడ్రైవర్‌తో. ఇంక దేంతో విప్పుతారు?"

"తీసుకురండి."

ఆయన వెళ్ళి పనిసంచి తెచ్చాడు. అందులోంచి బయటికి తీసిన స్క్రూడ్రైవర్ మోచేతి పొడుగుంది. దాంతో లిఫ్టు తలుపులు ఊడదీయొచ్చు. కంట్రోలర్ స్క్రూ బియ్యపుగింజంత ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తుఫాను అంత కోపంలోనూ కిసుక్కుమంది.

"నాన్నా, నీకు అబద్ధాలు రావు. ఎందుకొచ్చిన శ్రమ?"

"ఆయన ఎందుకు చెబుతున్నారో నాకు తెలుసులే," అంది తల్లి మెల్లిగా.

తుఫాను ఎర్ర కంట్రోలర్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. బ్యాటరీ సరిగ్గా ఉందో లేదో చూద్దామని వెనక మూత జారించింది. మూత లోపలి వైపు ఏదో మెరిసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకుంది.

సూదితో గీసిన గీతలు. ఒక తేదీ, బుధవారంది. దాని పక్కన గడియారం ముల్లు లాంటి చిన్న గుర్తు.

నీలందాని మూత తీసింది. గురువారం, ముల్లు గుర్తు. ఆకుపచ్చది. శుక్రవారం, ముల్లు గుర్తు. తర్వాత తన చేతికున్న గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టింది. దాని వీపు మూత లోపల కూడా అదే గుర్తు ఉంటుందని ఆమెకి తెలుసు. ఏడో పుట్టినరోజుకి తాతయ్యే మూత తీసి చూపించాడు. బాగుచేసిన ప్రతి గడియారం లోపలా తేదీ, ముల్లు గుర్తు గీయడం ఆయన వృత్తి అలవాటు. మళ్ళీ ఎప్పుడైనా, ఎవరైనా ఆ గడియారాన్ని విప్పితే, ఇంతకుముందు చూసిన చెయ్యి ఎవరిదో తెలియాలట.

దొంగతనానికి వచ్చి సంతకం పెట్టి వెళ్ళిన దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

"తాతయ్యా..." అంది తుఫాను. "అందరివీ పాడుచేసి, నీదొక్కటీ ముట్టుకోకుండా ఉంచుకున్నావా? గెలవడానికా?"

"నోరు ముయ్యి!" అన్నాడు తండ్రి.

"ఎందుకు ముయ్యాలి? నేను ఓడిపోతే ఎప్పుడైనా ఇలా చేశానా? వద్దంటే వద్దని చెప్పొచ్చుగా. నాకు ఆట నేర్పించిందే తాతయ్య. తొండాట ఆడకూడదని చెప్పింది కూడా తాతయ్యే!"

ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. తాతయ్య మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. పసుపు కంట్రోలర్‌ని దాని చోట్లో పెట్టి, గుమ్మం దాటి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి పడింది.

ఆ చప్పుడు లేకపోవడమే ముగ్గురినీ గట్టిగా తాకింది.

"తృప్తేనా ఇద్దరికీ?" అన్నాడు తండ్రి. "ఒక్క ఆట. రెండేళ్ళకి ఒక్క ఆట గెలిస్తే ఏం మునిగిపోయింది?"

భార్యకి మాత్రం ఒక విషయం పొసగడం లేదు. చాలా కేసుల్లో ఇలాగే జరుగుతుంది. నేరస్థుడు దొరుకుతాడు, సాక్ష్యం దొరుకుతుంది, కానీ దెబ్బ తగిలిన తీరు మాత్రం చెప్పిన కథకి అతకదు. పాడుచెయ్యడానికి వచ్చినవాడు స్పిరిట్ పెట్టి ఎందుకు తుడుస్తాడు? వంకర టేపుని తిన్నగా ఎందుకు అంటిస్తాడు? అన్నిటికంటే ముందు, పాడుచేసిన వస్తువు మీద బాగుచేసిన గుర్తు ఎవరైనా గీసుకుంటారా?

ఆమె ఎర్ర కంట్రోలర్‌ని చేతిలోకి తీసుకుంది. వంతెన ఆట మళ్ళీ పెట్టింది. ఈసారి కంట్రోలర్ని పసిపిల్ల చెయ్యి పట్టుకున్నట్టు వదులుగా పట్టుకుని, ముందుకి మాత్రమే తోసింది.

కప్ప గీత గీసినట్టు తిన్నగా నడిచింది. వంతెన మొత్తం దాటేసింది.

"ఇటు రావే," అంది కూతురితో. "నీ బొటనవేలు చూపించు. ఎటు తోస్తున్నావ్?"

తుఫాను ముక్కు తుడుచుకుంటూ వచ్చి పట్టుకుంది. "ముందుకే."

"సరిగ్గా చూడు."

తుఫాను చూసింది. తన బొటనవేలు ముందుకి కాదు, ఎడమ పక్కకి వాలి ఉంది. ఎప్పటినుంచి వాలిందో ఆ పిల్లకే తెలియదు. మూడేళ్ళుగా ఆ కంట్రోలర్ కుడికి లాగుతుంటే, పడిపోకుండా ఉండటానికి వేలు తనంతట తానే ఎడమకి లాగడం నేర్చుకుంది. ఇప్పుడు లాగేది లేదు. వేలు మాత్రం లాగుతూనే ఉంది.

తండ్రి వచ్చి నీలందాన్ని తీసుకున్నాడు. ఒక్కసారే నొక్కాడు. ముళ్లపంది ఒక్కసారే గెంతింది. ఇన్నేళ్ళుగా దేనికైనా రెండుసార్లు నొక్కడం ఆయన చేతికి ఎంత అలవాటైందంటే, నిన్న ఎవరింట్లోనో కాలింగ్ బెల్ కూడా రెండుసార్లే నొక్కాడు.

"ఇవి పాడవలేదు," అంది సర్వేయరు. "బాగయ్యాయి. మనమే వంకరపోయాం."

తుఫాను అప్పటికే ముందు గది తలుపు దగ్గరుంది. రెండు అడుగులు వెనక్కి వచ్చి పసుపు కంట్రోలర్‌ని కూడా చేతిలోకి తీసుకుని మరీ వెళ్ళింది.

ముందు గదిలో షట్టరు దించి ఉంది. గోడ మీద పద్నాలుగు గడియారాలు, అన్నీ ఒకే సమయం చూపిస్తూ. తాతయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా పనేమీ లేదు. పనిముట్లన్నీ పొడుగు ప్రకారం వరసగా పేర్చి, చేతులు వాటి పక్కన పెట్టుకున్నాడు.

తుఫాను వెళ్ళి వెనకనుంచి మెడ చుట్టూ చేతులేసింది.

"నువ్వు బాగుచేశావు. నేను తొండాట అన్నాను. నన్ను నాలుగు తిట్టు తాతయ్యా."

"తిట్లు ఆదివారం సెలవు," అన్నాడు తాతయ్య.

"మామయ్యా," అంది కోడలు గుమ్మంలో నిలబడే, "పొద్దున చూడగానే మిమ్మల్నే అడగాల్సింది. అడక్కుండా కాపు కాశాను. తప్పు నాది."

"నీ తప్పేం లేదమ్మా. దొరికిన సాక్ష్యం అలా ఉంది మరి."

"కానీ చెప్పకుండా ఎందుకు చేశావు నాన్నా?" కొడుకు బల్ల అంచున కూర్చున్నాడు. "బాగుచేశానని ఒక్క మాట అంటే ఇంత గొడవ ఉండేది కాదుగా. ఇన్నాళ్ళూ మా తోటి ఆటగాడివి, మా దగ్గర ఇంకేమైనా దాచావా?"

తాతయ్య మనవరాలి చేతిలోంచి పసుపు కంట్రోలర్‌ని తీసుకుని బల్ల మీద బోర్లించాడు.

"కూర్చోండి, చెప్తాను. అలా నిలబడితే పోలీస్ స్టేషన్లో ఉన్నట్టుంది. కిందటి వారం శనివారం అమ్మడు నన్ను గేముల షాపుకి తీసుకెళ్ళిందిగా, కొత్త ఎడిషన్ చూద్దామని. అది ఆ సేల్స్ అమ్మాయిని ప్రశ్నలతో చంపుతుంటే, నేను ఒక్కణ్ణే ఆడి చూశాను. గాల్లో చెయ్యి చాపి తెర మీద చుక్కని గురి పెట్టాలి. ఆ చుక్క ఒక్కచోట నిలబడితే ఒట్టు. ఈగలా తెరంతా తిరిగింది. పక్కన ఒక చిన్నపిల్ల వాళ్ళమ్మని అడిగింది, ఆ తాత ఎందుకు డాన్సు చేస్తున్నాడని. నేనూ నవ్వేశాను. ఏం చేస్తాను?"

"తాతయ్యా, నాతో అనలేదేం?"

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు మరి. ఇంటికొచ్చి ఆలోచించాను. కొత్తది ఎందుకు కావాలంటున్నారు? పాతవి పాడయ్యాయని. వాటిని బాగుచేసేస్తే ఎవరూ కొత్తది అడగరు, నేను గాల్లో చెయ్యి చాపక్కర్లేదు. అదీ నా కుట్ర. బుధవారం మీరంతా బయటికెళ్ళాక ఎర్రది విప్పాను. ఆ స్క్రూలు చూసి నాకు నవ్వొచ్చింది. గడియారం స్క్రూల ముందు అవి దూలాలు! మణికట్టు ఇదిగో, ఇలా బల్లకి ఆనించాను. చెయ్యి వణకలేదురా. రెండు నెలల తర్వాత నా చెయ్యి నా మాట వింది. ఆ సంతోషంలో గురువారం నీలం, శుక్రవారం ఆకుపచ్చ. గుర్తు గీయకూడదని కూడా తోచలేదు. చేతికి పని దొరికింది, అదే గీసేసింది. బాగైతే మీరందరూ నీళ్ళలో పడతారని మాత్రం నాకు కలలో కూడా తెలీదు."

"మరి ఇది?" తుఫాను పసుపుదాని మీద వేలు పెట్టింది. "ఇది ఎందుకు విప్పలేదు? నీదే కదా అన్నిటికంటే పాడైంది. వణుకుతోంది, వణుకుతోందని నువ్వే అంటావుగా."

తాతయ్య భూతద్దం కంటికి తగిలించుకున్నాడు. అన్నిటికంటే చిన్న స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. గాల్లో ఉన్నంతసేపూ దాని మొన సన్నగా అదిరింది. మణికట్టు బల్లని తాకగానే నిలిచిపోయింది. ఒక్కొక్క స్క్రూ విప్పి వరసగా పెడుతూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"నిన్న దీన్నీ తెచ్చి ఇక్కడ పెట్టాను అమ్మడూ. స్క్రూడ్రైవర్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెట్టేశాను. భయమేసింది. రెండేళ్ళుగా ఓడిపోయినప్పుడల్లా ఏమన్నాను? ఈ పసుపుదానిలో ఏదో తేడా ఉందన్నాను. మీరూ అవునవునన్నారు. మీ నాన్నకి తెలుసు. నన్ను కాపాడ్డానికి ఇందాక ఆ గునపం లాంటిది పట్టుకుని నేరం ఒప్పుకున్నాడు చూడు, వాడికి ఎప్పటినుంచో తెలుసు. దీన్ని విప్పితే లోపల ఏ తేడా లేదని తేలిపోతే, అప్పుడు నేను ఏం చెప్పాలి? అందుకని మూడింటి రోగం కుదిర్చాను, నాలుగోదాన్ని ముట్టుకోలేదు. మీరు అనుకున్నట్టు గెలవడానికి కాదు. ఓడిపోయినప్పుడు చెప్పుకోవడానికి ఒక్కటైనా ఉంచుకుందామని.

"ఇదిగో, వచ్చేసింది. కోడలు పిల్లా, ఆ దీపం కాస్త ఇటు తిప్పు. చూశారా? శుభ్రంగా ఉంది. కొత్తదానిలా ఉంది. ఒక్క రవ్వ మురికి లేదు. పాపం, ఇది ఒక్కరోజు కూడా తప్పు చెయ్యలేదు.

"ఒరేయ్, నెలాఖరుకి చెప్తానన్నాగా, ఇప్పుడే చెప్పేస్తున్నా. చేతి గడియారాలు ఇక తీసుకోను. వాటికి కావలసిన చెయ్యి ఇప్పుడు నా దగ్గర లేదు, జనాన్ని మోసం చెయ్యలేను. గోడ గడియారాలు చేస్తా. ఇలాంటి ఆట సామాన్లు చేస్తా. షాపు మాత్రం మూయను. నువ్వు మళ్ళీ అడగకు, నేను మళ్ళీ బాధపడను.

"ఇక ఆ కొత్త ఎడిషన్ సంగతి. నేను గెలిచానంటున్నారు. ఆ గెలుపు చెల్లదు, నాకూ తెలుసు, మీకూ తెలుసు. చెల్లకపోయినా నా మాట ఒకటి వినండి. కొందాం. గురి పెట్టే ఆటలు నాకూ చూడాలనుంది. సోఫాలో నా ఒళ్ళో ఒక చెక్కపలక పెట్టండి చాలు, మణికట్టు ఆనించుకుంటాను. ఈగ ఎక్కడికి పోతుందో చూస్తాను. ఈ పాత నాలుగింటినీ మాత్రం పారెయ్యొద్దు. ఇన్నాళ్ళకి వాటికి ఆరోగ్యం వచ్చింది.

"అమ్మడూ, ఆ సూది ఇలా ఇవ్వు. మూత లోపల రాస్తున్నాను, నువ్వే చదువుకో. ఇవాళ్టి తేదీ. ముల్లు గుర్తు. దాని పక్కన రెండు మాటలు. 'లోపం లేదు.' చెయ్యి నాది, వణుకూ నాదే. రెండేళ్ళుగా దీని మీదికి నెట్టి మీ అందరినీ నమ్మించిన దొంగని నేనే. చాలా? సంతకం కూడా పెట్టేశాను. ఇక పదండి, మధ్యాహ్నం భోజనంలోపు ఇంకో ఆట వేద్దాం. ఈసారి ఎవరి వేలు ఎడమకి పోయినా, మరమ్మతు చేసినవాడికి మాత్రం సంబంధం లేదు."